రాయలసీమ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ: దెబ్బలు తిన్న ఆడబిడ్డను మళ్లీ ఆ ఇంటికే పంపకండి

కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల బిషప్పులకు, ఫాదర్లకు, అయ్యగార్లకు, స్వతంత్ర సంఘాల పాస్టర్లకు, సంఘ కమిటీల పెద్దలకు ప్రభువు నామంలో వందనాలు.

నేను కడప జిల్లాలో ఒక సంఘ సభ్యురాలిని. మా సంఘం స్త్రీల సమాజంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏ ఒక్క సంఘాన్నో, ఏ ఒక్క పాస్టరునో వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు, కాథలిక్, పెంతెకొస్తు అనే తేడా లేకుండా మన అందరికీ ఒక అలవాటు ఉంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి మన దగ్గరికి వస్తే, ప్రార్థన చేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, అదే ఇంటికి తిరిగి పంపుతున్నాం. అది ఆగాలని అడగడానికే రాస్తున్నాను.

ఆమె ముందుగా మన దగ్గరికే ఎందుకు వస్తుందో ఆలోచించండి. పోలీస్ స్టేషన్ అంటే భయం. పుట్టింటికి పోతే అమ్మ ‘సర్దుకోమ్మా’ అంటుంది, అన్నావదినలకు ఆమె భారం. ఊరి పంచాయితీలో కూర్చునేది అంతా మగవాళ్లే. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు పోయివచ్చే ఇళ్లల్లో, ఆమె తెచ్చుకున్న కూలి డబ్బు కోసమే దెబ్బలు మొదలవుతాయి. అలాంటప్పుడు ఆమె అమ్మగారి దగ్గరికి, అంటే పాస్టరు గారి భార్య దగ్గరికి వచ్చి, వంటింటి గడప దగ్గర కూర్చొని చెప్పుకుంటుంది. అంత నమ్మకం మన మీద పెట్టుకుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసో, లైంగిక హింసో అనుభవించినవాళ్లు. హింస అనుభవించినవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. మన గుళ్లలో బెంచీల మీద, చాపల మీద కూర్చునే ఆడవాళ్లు ఈ లెక్కకు బయట ఉన్నారని అనుకోవడానికి నాకైతే ఏ కారణమూ కనబడలేదు. నోరు తెరిచి అడిగే ఆ కొద్దిమంది మన గడప దగ్గరికి వస్తే మనం ఏం చేస్తున్నాం?

ముందు ప్రార్థన చేస్తాం. తప్పులేదు, ఆమె కోరుకున్నదీ అదే. తర్వాత భర్తను పిలిపిస్తాం. పెద్దలు నలుగురు కూర్చుంటారు. ఆమెను అతని ఎదురుగా నిలబెట్టి ‘చెప్పమ్మా, ఏం జరిగింది’ అంటారు. రాత్రికి అదే ఇంటికి పోవాల్సిన మనిషి, అతను వింటుండగా ఏం చెప్పగలదు? సగం మింగేసి సగం చెబుతుంది. అతను ‘తాగిన మైకంలో చేయి చేసుకున్నా, తప్పయిపోయింది’ అంటాడు. వెంటనే ఆమెను క్షమించమంటారు. ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థన చేసి, కుటుంబం సమాధానపడిందని అందరూ సంతోషిస్తారు. మరుసటి వారం ఆ ఇంటికి వెళ్లి ఆమెను ఒంటరిగా పలకరించేవాళ్లు ఉండరు. ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టరు కాబట్టి రేపు ఆమె కోర్టుకు పోయినా, ఫలానా రోజు దెబ్బలతో వచ్చిందని చెప్పే కాగితం ఉండదు.

ఆమె రెండోసారి వస్తుంది. అప్పుడు మన గొంతు మారిపోతుంది. ‘నీ ప్రార్థన జీవితం ఎలా ఉందమ్మా? ఉపవాసం ఉంటున్నావా? నువ్వు ఎదురు మాట్లాడుతున్నావేమో చూసుకో’ అని అడుగుతాం. దెబ్బలు తిన్నది ఆమె, పరీక్ష కూడా ఆమెకే. ఈ ప్రశ్న నేను ఎన్నో నోళ్ల నుంచి విన్నాను, మంచివాళ్ల నోళ్ల నుంచి కూడా. నిజానికి వాక్యం ఈ ప్రశ్న అడిగేది భర్తను. మొదటి పేతురు 3వ అధ్యాయం 7వ వచనం తీసి చూడండి. భార్యను గౌరవించమని, లేకపోతే మీ ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని అక్కడ పేతురు పురుషులకు చెప్పాడు. ఆరో వచనం దాకా పెళ్లిళ్లలో చదివి ఆపేస్తే ఎట్లా? భార్యను కొట్టి వచ్చి ఆదివారం ముందు వరుసలో చేతులెత్తి ప్రార్థించే మనిషికి, అతని ప్రార్థన ఎక్కడ ఆగిపోయిందో చెప్పాల్సిన బాధ్యత మీది.

ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయమూ అంతే. లోబడి ఉండమనే 22వ వచనం మన ఆడపిల్లలకు పెళ్లికి ముందే కంఠతా వస్తుంది. ఒకరికొకరు లోబడమనే 21వ వచనం, సొంత శరీరాన్ని ప్రేమించినట్టు భార్యను ప్రేమించమనే 28వ వచనం మగపిల్లల్లో ఎంతమందికి వస్తాయి? మలాకీ 2:16 మరీ బాధ కలిగిస్తుంది. భార్యను విడిచిపెట్టడం దేవునికి అసహ్యం అనే మొదటి సగం చెప్పి ఆమెను ఆపుతాం. బలాత్కారం కూడా అంతే అసహ్యమని అదే వచనం రెండో సగంలో ఉంది. ఆ సగం అతనికి చదివి వినిపించిన సంఘం ఎక్కడైనా ఉంటే, వారికి నా కృతజ్ఞతలు.

మరో మాట ఎప్పుడూ వస్తుంది: ‘సహోదరులు కోర్టులకు పోకూడదని పౌలు అన్నాడు కదా.’ మొదటి కొరింథీ 6లో పౌలు మాట్లాడింది ఆస్తిపాస్తుల్లాంటి లౌకిక వ్యవహారాల గురించి. అదే పౌలు తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు కైసరు ఎదుటనే చెప్పుకుంటానన్నాడు, అపొస్తలుల కార్యములు 25లో ఉంది. అధికారి కీడు చేసేవాడి మీద కత్తి ధరించిన దేవుని పరిచారకుడని రోమా 13లో రాసిందీ ఆయనే. ఆడమనిషి తల పగిలి రక్తం కారుతుంటే ఆమెకు మొదటి కొరింథీ చదివి, రోమా పత్రికను మూసిపెట్టడం న్యాయం కాదు.

దావీదు గొల్యాతును కొట్టిన కథ మీద నేను లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాను. దావీదు కూతురు తామారు కథ మీద వినలేదు. రెండవ సమూయేలు 13వ అధ్యాయంలో దావీదు కొడుకు అమ్నోను జబ్బు నటిస్తాడు. అతనికి వంట చేసి పెట్టమని తామారును ఆ ఇంటికి పంపింది స్వయంగా తండ్రే. ఆమె వద్దని బతిమాలింది, న్యాయం చెప్పింది, అయినా చెరిచాడు. తోడబుట్టిన అబ్షాలోము ‘ఊరకుండు, అతను నీ అన్న కదా’ అన్నాడు. దావీదుకు చాలా కోపం వచ్చిందని రాసి ఉంది, కానీ ఏం చేశాడో రాయలేదు. ఏమీ చేయలేదు కాబట్టి. రెండేళ్లకు ఆ ఇంట్లో హత్య జరిగింది, తర్వాత అబ్షాలోము తిరుగుబాటుతో రాజ్యమే చీలింది. పెద్దలారా, ఈ అధ్యాయాన్ని ఒక్క ఆదివారం పూర్తిగా చదివించండి. ఆ రోజు ఆడవాళ్ల వైపు చూడండి.

ఇక కమిటీల సంగతి. మొదటి తిమోతి 3:3లో అధ్యక్షుడు ఎలా ఉండకూడదో చెబుతూ పౌలు ‘కొట్టువాడు’ అనే మాట స్పష్టంగా రాశాడు. మనం కమిటీ ఎన్నికల్లో చందా బాకీ ఉందా, పేరు రిజిస్టరులో ఉందా అని చూస్తాం. ఇంట్లో భార్యను కొడతాడని వీధి అంతటికీ తెలిసిన మనిషి కానుకల పళ్లెం పట్టుకొని తిరుగుతుంటే, ఆ భార్య అదే పళ్లెంలో తన కానుక వేయాలి. అతను మారేదాకా, మారాడని ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పేదాకా, అతనికి ఏ పదవీ ఇవ్వకండి. ప్రభు రాత్రి భోజనపు బల్లకు రానివ్వకండి. పెళ్లి కాకుండా కలిసి బతికే జంటను, వేరే మతంవాడిని పెళ్లాడిన పిల్లను బల్ల నుంచి ఆపడం మనకు తెలుసు. క్రమశిక్షణ చేతకాని సంఘాలం కాము మనం. ఎవరి మీద వాడుతున్నామన్నదే ప్రశ్న.

మీ మనసులో ఉన్న భయం నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. ‘అసలే మనల్ని అనుమానంగా చూస్తున్నారు. మన ఇంటి గుట్టు స్టేషన్‌కు ఎక్కితే బయటివాళ్లకు అవకాశం ఇచ్చినట్టు కాదా?’ రాయలసీమలో మన సంఘాల్లో ఎక్కువమంది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సి కింద పెట్టారు. బయటివాడు అవమానిస్తే అట్రాసిటీ చట్టం కూడా మనకు అండగా రాదు. ఇంత బలహీనంగా ఉన్న సమాజం తనలోని గొడవలు బయటపెట్టడానికి వెనుకాడటం సహజమే. కానీ ఆ భయానికి మూల్యం ప్రతిసారీ ఇంట్లో ఆడమనిషే ఎందుకు కట్టాలి? అగ్రకులం వాడు చెంప మీద కొడితే ఊరంతా స్టేషన్ ముందు కూర్చుంటాం. కూర్చోవాలి కూడా. మన మగవాడు మన ఆడదాన్ని కొడితే మాత్రం సంఘం పరువు అంటాం. సంఘం అంటే ఆమె కూడా కదా?

పైగా ఆమెకు అండగా ఉన్న చట్టానికి మతంతోనూ కులంతోనూ పనిలేదు. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం గురించి పాస్టర్లకు సరిగా తెలియక ‘కేసు పెడితే కాపురం కూలిపోతుంది’ అంటున్నారు. దీని కింద ఆమె విడాకులు అడగనక్కరలేదు. భర్తను జైలుకు పంపమని కూడా అడగనక్కరలేదు. ఆమెను కొట్టకూడదని, దగ్గరికి రాకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెకు అక్కడ ఉండే హక్కు ఉంది, అవసరమైతే అతన్నే ఇంటి నుంచి బయటికి పంపవచ్చు. ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ కూడా అడగవచ్చు. ఉత్తర్వును అతను లెక్కచేయకపోతే ఏడాది దాకా జైలు. జిల్లాలో రక్షణ అధికారి ఉంటారు, ఫిర్యాదు రాయించడానికి ఆమె ఆయన దగ్గరికి పోవచ్చు. గ్రామ, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు. 181కి ఫోన్ చేయవచ్చు, ప్రాణం మీదికి వస్తే 112. జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌లో కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. క్రూరత్వానికి వేరే క్రిమినల్ సెక్షన్ ఉంది, పాత 498ఎ, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85.

విడాకుల సంగతి ఎత్తితే మన పెద్దలకు కష్టంగా ఉంటుంది. ఒక్క విషయం గుర్తు చేస్తాను. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భార్యకు భర్త క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, దానితోపాటు వ్యభిచారం కూడా రుజువు చేయాలి. 2001లో సవరించేదాకా అదే న్యాయం. మన అమ్మలు, అమ్మమ్మలు ఎంత కొట్టించుకున్నా చట్టం వాళ్లకు తలుపు తెరవలేదు. వాళ్ల ఓర్పును మనం సాక్ష్యాలుగా చెప్పుకుంటున్నాం. వాళ్లలో చాలామంది వేరే దారి లేక ఓర్చుకున్నారు. కాథలిక్ సంఘంలో విడాకులు లేవు, నిజమే. కానీ జీవిత భాగస్వామి వల్ల శరీరానికో ఆత్మకో తీవ్రమైన ప్రమాదం ఉంటే వేరుగా ఉండవచ్చని కానన్ చట్టం 1153లోనే ఉంది. బలహీనులను, పిల్లలను గాయాల నుంచి కాపాడటానికి వేరుపడటం ఒక్కోసారి నైతికంగా అవసరమని పోప్ ఫ్రాన్సిస్ కూడా 2016లో రాశారు. ఫాదర్లు ఈ మాట పూజలో ప్రజలకు అర్థమయ్యేలా చెప్పాలి.

అన్నింటికంటే రాయడానికి కష్టమైన భాగం ఇది. కొన్నిసార్లు ఆమెకు కీడు చేసినవాడు భర్త కాడు, దైవసేవకుడే. ఒంటరిగా కౌన్సిలింగ్ అని పిలిచినవాడు, దయ్యం పట్టిందని చెప్పి రాత్రి ప్రార్థనకు రమ్మన్నవాడు, హాస్టల్ సీటు చేతిలో ఉన్నవాడు. అప్పుడు ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అనే కీర్తన వాక్యం బయటికి తీస్తారు. 105వ కీర్తనలో ఆ మాట పరదేశులుగా తిరుగుతున్న పితరులను రాజుల నుంచి కాపాడటానికి చెప్పింది. బలవంతుడిని బలహీనురాలి నుంచి కాపాడటానికి చెప్పింది కాదు. పెద్ద మీద నిందకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని మొదటి తిమోతి 5:19 చూపిస్తారు. తలుపు వేసిన గదిలో జరిగినదానికి ముగ్గురు సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు? పాపం చేసినవాడిని అందరి ఎదుట గద్దించమనే 20వ వచనం మాత్రం చూపించరు.

2018లో కేరళలో ఒక సన్యాసిని ఒక బిషప్ మీద అత్యాచారం ఫిర్యాదు చేసింది. సంఘం లోపల ఎందరికి చెప్పుకున్నా ఫలితం లేదని ఆమె తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డు పక్కన ధర్నాకు కూర్చున్నారు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆ బిషప్‌ను నిర్దోషిగా విడుదల చేసింది, దాని మీద అప్పీలు వేశారు. తీర్పు చెప్పడం కోర్టుల పని, నేను దాని జోలికి పోను. నన్ను కలచివేసింది సిస్టర్లు రోడ్డెక్కాల్సి రావడం. 2019 ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిసే, కొందరు ఫాదర్లు, బిషప్పులు సిస్టర్లను లైంగికంగా హింసించిన మాట నిజమేనని విలేకరుల ముందు ఒప్పుకున్నారు. అదే ఏడాది మే నెలలో, ప్రతి మేత్రాసనంలో, అంటే ఒక్కో బిషప్ పరిధిలో, ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలని ఆదేశం ఇచ్చారు. కర్నూలు, కడప మేత్రాసనాల్లో ఆ ఏర్పాటు ఎక్కడ ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి విచారణలో (పారిష్‌లో) గుడి గోడ మీద రాసి పెట్టమని కోరుతున్నాను.

ప్రొటెస్టెంటులం మనం దీన్ని వాళ్ల సమస్య అనుకోవద్దు. అమెరికాలో సదరన్ బాప్టిస్టు సంఘాల మీద 2022లో స్వతంత్ర విచారణ నివేదిక వచ్చింది. ఆరోపణలున్న పాస్టర్లు, సంఘ పనివాళ్లు 700 మందికి పైగా పేర్లతో ఒక జాబితా పెద్దల ఆఫీసులో ఏళ్ల తరబడి ఉంది. సంఘాలను మాత్రం హెచ్చరించలేదు. ఇక్కడ ఆరోపణ ఉన్న మనిషిని ఇంకో పాస్టరేటుకు, అంటే ఇంకో పాస్టరు పరిధిలోని సంఘాలకు బదిలీ చేసి చేతులు దులుపుకుంటే మనం చేసేదీ అదే. స్వతంత్ర సంఘాల్లో బదిలీ కూడా ఉండదు. స్థాపకుడే పాస్టరు, ఆయన ఇంటివాళ్లే కమిటీ. అక్కడ బాధపడిన విశ్వాసికి చెప్పుకునే చోటే లేదు. మండల పాస్టర్ల ఫెలోషిప్‌లు కనీసం ఒక నియమం పెట్టుకోండి: ఫిర్యాదు వస్తే ఆ పాస్టరును పరిచర్య నుంచి పక్కన పెట్టడం, ఆమెను పోలీసుల దగ్గరికి మీరే తోడు తీసుకుపోవడం. లోపల విచారణ పేరుతో కాలం గడపకండి. అత్యాచారాన్ని విచారించే అధికారం సంఘానికి లేదు.

బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు నడిపేవాళ్లకు ఇది చట్టం కూడా. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా, పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షురాలు కావాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి పోవచ్చు. పిల్లల విషయంలో అయితే మీకు ఆలోచించుకునే వీలే లేదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాచితే ఏడాది దాకా.

మన సీమ సంఘ చరిత్రలో ఆడవాళ్ల గురించి గర్వపడాల్సినవి ఉన్నాయి. అక్షరం ముక్క రాని కాలంలో మిషన్ బడులు మన అవ్వలకు చదువు చెప్పాయి. వాక్యం చెప్పే స్త్రీలు, బైబిల్ ఉమన్లు, ఎర్రటి ఎండలో పల్లె పల్లె తిరిగారు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఎన్ని తరాల తల్లులను కాపాడిందో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందినప్పుడు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ మన సీమ మేత్రాసనానికి వచ్చారని అందరం చెప్పుకున్నాం. ఆ గర్వం కింద పాస్టరేటు కమిటీ దాకా రావాలి. భార్యాభర్తల విషయం విన్నప్పుడు కూర్చునేవాళ్లలో సగమైనా ఆడవాళ్లు ఉండాలి, ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, ఆమె ఒప్పుకుంటేనే భర్తను పిలవాలి. చెప్పింది తేదీతో సహా రాసి, ఆమెకు ఇష్టమైన చోట భద్రపరచాలి. మిషన్ కాంపౌండుల్లో ఖాళీగా ఉన్న గదుల్లో ఒకటి శుభ్రం చేసి, ఒక రాత్రో రెండు రాత్రులో ఆమె పిల్లలతో పడుకునేలా సిద్ధంగా ఉంచండి. కానుకల్లోంచి ఆటో ఖర్చులకు, మందులకు కొంత తీసిపెట్టండి. పెళ్లి ప్రకటనలు చదివే ఆ మూడు వారాల్లో అబ్బాయి తాగుడు గురించి, కట్నం గురించి అమ్మాయిని విడిగా పిలిచి అడగండి.

నవంబరు 25 స్త్రీలపై హింస నిర్మూలన దినం. ఆ వారం వచ్చే ఆదివారం మీ గుళ్లో ప్రసంగ వేదిక మీద నుంచి మీరే, మీ నోటితోనే ఈ మాట చెప్పాలని కోరుతున్నాను: ‘ఈ సంఘంలో ఏ అమ్మనైనా ఇంట్లో కొడుతుంటే మా దగ్గరికి రండి. మిమ్మల్ని తిరిగి పంపం. మీకు కావాలంటే స్టేషన్‌కు మేమే తోడు వస్తాం. ఆ పని చేసింది పాస్టరైనా సరే.’ ఆ రోజు 181 నంబరు గుడి తలుపు పక్కన, ఆడవాళ్లు చెప్పులు విడిచే చోట అతికించండి. మీరు ఏం నిర్ణయించారో మీ సంఘం స్త్రీల సమాజానికి డిసెంబరు లోపల లిఖితంగా తెలియజేయండి. మా సంఘం పెద్దలకు ఈ లేఖ ప్రతిని నేనే స్వయంగా ఇస్తున్నాను.

ఇట్లు,
కడప జిల్లాకు చెందిన ఒక సంఘ సభ్యురాలు